ఒక్కరి మాట మీద నడవని కాంపౌండరు

ఆయన పెద్దకర్మ నాడు తరిగొప్పులలో పందిరి కింద భోజనాల వరుసలో కూర్చున్నప్పుడు, "ఆయనకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్పింది నేనే" అని చెప్పుకున్నవారు నా లెక్కకు ఏడుగురు. మొదటి విస్తరి పడినప్పటి నుంచి పెరుగు వచ్చేవరకు, అంటే ముప్పై ఒక్క నిమిషాలలో, ఏడుగురు. మరిపెడలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయన ఒకరు. గార్లలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు ఒకరు. భూపాలపల్లి బొగ్గు గనిలో ఫిట్టరు ఒకరు, బస్సు కండక్టరు ఒకరు. మిగిలిన ముగ్గురి వృత్తులు తెలుసుకొనే లోపల వాళ్లు చేతులు కడుక్కోవడానికి లేచిపోయారు.

చిక్కేమిటంటే, వీరిలో ముగ్గురు ఒకే పాఠం చెప్పారు. ఒక పనిని అలసిపోకుండా పదేపదే చేయమని కంప్యూటరుకు ఎట్లా ఆజ్ఞాపించాలన్నదే ఆ పాఠం.

"నాతోని నెల రోజులు చెప్పించుకున్నడు గదమ్మా! 'నువ్వు చెప్తెనే నాకు సమజైతది అన్నా' అనెటోడు" అన్నాడు ఫిట్టరు.

"అట్లనా? నాతోని గూడ గదే మాట. 'టీచరమ్మా, మీరు చెప్తెనే సమజైతది' అని" అన్నది ఉపాధ్యాయురాలు.

కండక్టరు ముద్ద చేతిలో పట్టుకొని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అంటే నేను మూడో పెండ్లికొడుకునా?" అన్నాడు. చనిపోయిన మనిషి ఇంటి ముందు నవ్వకూడదన్న నియమం అక్కడ కొద్దిసేపు సడలింది. ఆ వరుసలో ఎనిమిదో గురువును నేను. ఆ సంగతి నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కింద రాసినది చదివితే తెలుస్తుంది.

ఆయన పశువుల దవాఖానలో కాంపౌండరు. సొంత ఊరు తరిగొప్పుల. చాలా ఏండ్లు మరిపెడలో పనిచేసి, తరువాత భూపాలపల్లి దిక్కు బదిలీ అయ్యాడు. సెలవు దొరికితే జనగామ మీదుగా ఇంటికి వచ్చేవాడు. నేను జనగామలో స్థిరపడిన వాడిని, గణాంకాల శాఖలో ఉద్యోగం చేసి విరమించినవాడిని. ఆయన పేరు రాయడం లేదు. రాయవచ్చునా అని అడగడానికి ఆయన లేడు, అడగకుండా ఒక పని చేయడం ఆయన విషయంలో న్యాయం కాదు.

మా పరిచయం బస్సులో జరిగింది. బస్సు జనగామ దాటిన ఆరో నిమిషంలో, మూడో వరుసలో నిలబడ్డ ఒక మనిషి, తప్పిపోయిన మేక గురించి అడిగినంత సహజంగా, మొత్తం బస్సును ఉద్దేశించి అడిగాడు:

"అన్నలార, అక్కలార! ఈ బస్సుల ఎవలికన్న కంప్యూటర్ ప్రోగ్రాం రాసుడు వస్తదా? నాకు తెల్వది. జర ఒక్క ముచ్చట అడిగేదుండె."

బస్సంతా కిటికీల దిక్కు తిరిగింది. ముందు సీటులోని ఒక ముసలామె మాత్రం "నాకు రాదు బిడ్డా" అని నిజాయితీగా సమాధానమిచ్చింది. నేను పత్రిక అడ్డం పెట్టుకున్నాను. అప్పటికి నాలుగు నెలలుగా నేను ఇంట్లో తలుపు వేసుకొని, ఒక పుస్తకం ముందర పెట్టుకొని, ఎవరినీ ఒక్క మాట అడగకుండా ఆ విద్య నేర్చుకుంటున్నాను. ఆ వయసులో నేర్చుకుంటున్నానని తెలిస్తే నవ్వుతారని నా అనుమానం. నా దురదృష్టం, ఆ పుస్తకం నా ఒడిలోనే ఉంది. అట్ట మీద పెద్ద అక్షరాలున్నాయి.

ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కూర్చొని, అడగవలసిన మాట అడగలేదు. మా ఇంటి సంగతి అడిగాడు, మోకాళ్ల సంగతి అడిగాడు, పాడి ఉన్నదా అని అడిగాడు. లేదంటే జాలిపడ్డాడు. ప్రశ్న బయటికి వచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలు గడిచాయి. ప్రశ్నకు పట్టింది ఒక నిమిషం. తరువాతి కాలంలో ఈ నిష్పత్తి పెద్దగా మారలేదు. నాకు జ్వరం వచ్చిన రోజున మాత్రం పద్నాలుగు నిమిషాలకు కుదించాడు. ఆ పద్నాలుగూ జ్వరం గురించే.

అయితే ప్రశ్న అడగడం మొదలుపెట్టిన తరువాత ఆయనంత పద్ధతి గల మనిషిని నేను చూడలేదు. మందుల పెట్టె అట్టముక్క ఒకటి జేబులో నుంచి తీసేవాడు. ఏం రాశాడో, రాస్తే ఏం జరుగుతుందనుకున్నాడో, తీరా ఏం జరిగిందో, ఆ మూడూ దాని మీద వరుసగా ఉండేవి. కంప్యూటరు చూపించిన తప్పు సందేశాన్ని ఒక్క అక్షరం పోకుండా చేత్తో రాసుకొచ్చేవాడు. ఫోనులో ఫోటో తీయవచ్చు కదా అన్నాను.

"ఫోటో దీస్తే ఫోనుకు యాదికుంటది సార్, నాకుండది" అన్నాడు. తరువాత అసలు కారణం చెప్పాడు. "రైతు దవాఖానకు ఒస్తడు. ఏమైంది అంటె 'బర్రె మంచిగలేదు' అంటడు. గంతే. మేత ఎన్నడు మానింది, నిన్న ఏం మేసింది, పేడ ఎట్లేస్తుంది అని గుంజి గుంజి అడుగుతె గాని దవాయి ఏదో తెల్వది. నేను మీ దగ్గరికి గా రైతు లెక్క రావొద్దని."

ఆయన దృష్టిలో ప్రోగ్రాము కూడా ఒక పశువే. ఆగిపోతే "మేత ముడ్తలేదు" అనేవాడు. తప్పు సమాధానం ఇస్తే, ముందుగా "ఏం తిన్నదో సూడాలె" అనేవాడు. లోపలికి మనం ఏ సమాచారం ఇచ్చామో చూడాలని దాని అర్థం. నా పుస్తకం ఈ సూత్రాన్ని పదకొండు పేజీలలో చెప్పింది.

ఒకసారి ఎవరో చెప్పగా, దేశదేశాల వాళ్లు ప్రోగ్రాముల సందేహాలు తీర్చే ఒక ఇంటర్నెట్ వేదిక మీద ప్రశ్న పెట్టాడు. వచ్చీరాని ఇంగ్లీషులో, సోదరులందరి ఆరోగ్యం ఎట్లా ఉన్నదని, ఈ ఏడు మా దిక్కు వానలు మంచిగానే పడ్డాయని, మీ దిక్కు ఎట్లున్నదని ఎనిమిది వరుసలు రాసి, తొమ్మిదో వరుసలో ప్రశ్న రాశాడు. గంట తిరగకముందే ఎవరో పెద్దమనిషి మొదటి ఎనిమిది వరుసలూ కొట్టివేసి ప్రశ్నను మాత్రం మిగిల్చాడు. కాంపౌండరు ముఖం చిన్నబుచ్చుకొని నా దగ్గరికి వచ్చాడు.

"రాం రాం చెప్పుడు గూడ తప్పేనా సార్?"

"వాళ్లకు సమయం విలువ తెలుసయ్యా" అన్నాను కొంచెం సంతోషంగానే.

"మనిషి మంచిగున్నడో లేడో తెల్వకుండ పని ఎట్ల చెప్తం సార్? పరేషాన్ల ఉంటే?" అన్నాడు.

ఇక ఆయన ప్రోగ్రాము సంగతి. అది చాలా చిన్నది. తన పరిధిలోని పల్లెలలో చూడి బర్రెలెన్ని, ఏది ఎన్నడు ఈనుతుంది అన్న జాబితా ప్రతి ఉదయం ఫోనులో రావాలి. ఆయన ఉద్దేశం కూడా చిన్నదే: ఈనే నాటికి తాను ఆ పల్లెలో ఉండాలి. అడ్డం తిరిగిన దూడను సరిచేసే మనిషి సమయానికి రాక బర్రెలు పోవడం ఆయన చూశాడు. బర్రె పోతే ఆ ఇంటికి ఏం పోతుందో ఆయన ఎన్నడూ వర్ణించలేదు. "ఇల్లు సప్పబడ్తది సార్" అనేవాడు, అంతే. బర్రె కట్టిన నాటి నుంచి మూడువందల పది రోజులు కలిపితే ఈనే రోజు వస్తుంది. కూడిక కంప్యూటరు చేస్తుంది. కట్టిన రోజు మాత్రం రైతు చెప్పాలి.

అక్కడ వచ్చింది చిక్కు. దవాఖానకు తెచ్చి చూడి సూది వేయించినదైతే తేదీ రాసి ఉంటుంది. ఊళ్లో దున్నకు కట్టించినదైతే ఎవరూ తేదీ చెప్పరు. "దసర నాడు" అంటారు. "తొలి ఏకాశి ఎల్లిన తెల్లారి" అంటారు. కాంపౌండరు ఆ పండుగలన్నీ అట్టముక్క మీద రాసుకొచ్చి, వీటిని తేదీలుగా మార్చి ఇమ్మని నన్ను అడిగాడు.

నాకు ఇంతకంటే ఇష్టమైన పని మరొకటి లేదు. పంచాంగం దగ్గర పెట్టుకొని ఇరవై ఒక్క పండుగలకు తేదీల పట్టిక తయారుచేశాను. పంచాంగంతో మూడుసార్లు సరిచూశాను. ప్రోగ్రాములో ఎక్కించింది కూడా నేనే. ఆయన పట్టికను చాలాసేపు చూసి, మెల్లగా అన్నాడు:

"మంచిగున్నది సార్. ఎవలికన్న ఒక్కసారి సూపెడ్దామా?"

"అవసరం లేదు. నేను మూడుసార్లు చూసిన."

"మీరే మూడుసార్లు జూస్తే ఒక్కరు జూసినట్టే గద సార్."

"నీకు నా మీద నమ్మకం లేదా?"

"అయ్యో, గట్లెందుకంటరు! ఒక్కళ్ల మాట మీద పిల్లనియ్యం గదా అని" అన్నాడు. నేను పంచాంగం మూసేశాను. ఆయన ఆ మాట అంతటితో వదిలేశాడు. పెద్దవాడినని వదిలేశాడు. అది ఆయన చేసిన పొరపాటు. నేను చేసినది ఏమిటో ఏడాదిన్నర గడిచిన తరువాత తెలిసింది.

భూపాలపల్లికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. అందులో ఒక అవ్వ, ఆమెకు దసరా నాడు కట్టించిన ఒకే ఒక్క బర్రె. రాఖీ పున్నమి తెల్లవారి, బుధవారం ఉదయం, కాంపౌండరు జాబితాలో ఆ బర్రె ఈనవలసిన రోజు దాటి తొమ్మిది రోజులయినట్టు కనిపించింది. అంతకుముందు రెండు రోజుల నుంచి బర్రె మేత సరిగా ముట్టడం లేదని అవ్వ కబురు పెట్టింది. దవాఖాన డాక్టరమ్మ మరో పల్లెలో ఉన్నది. ఆమె ఫోనులో విని, "దినాలు దాటినయి, మేత మానిందంటే లోపల దూడకు ఏదో అయినట్టుంది. సూది ఇచ్చి ఈనిపిద్దాం. నేను పదకొండు గంటల వరకు వస్త, మీరు అన్నీ తయారు పెట్టుండ్రి" అన్నది. ఈ సంగతులు నాకు తరువాత ఆమే చెప్పింది.

నిండని దూడను సూదితో బయటికి తెస్తే అది బతకదు. బర్రెకు కూడా ప్రమాదమే. ఇది ఆ ఇద్దరికీ తెలుసు. కాని దినాలు దాటాయని పట్టిక చెబుతున్నది. పట్టిక నాది.

కాంపౌండరు తొమ్మిదిన్నరకు అవ్వ కొట్టం దగ్గరికి చేరాడు. సూది, మందు, వేడినీళ్లు సిద్ధం చేశాడు. అంతవరకు ఎవరైనా చేసేవారే. తరువాత చేతులు కడుక్కొని అవ్వ పక్కన కూర్చొని, తన అలవాటు ప్రకారం మోకాళ్ల సంగతి మొదలుపెట్టాడు.

"ముందుగాల నా బర్రెను సూడు బిడ్డా. నా మోకాళ్లు యాడికి పోవు" అన్నదట అవ్వ.

"సూస్తనవ్వా. నువ్వు ఏమంటవు? ఈనుతదా ఇయ్యాల?"

"నన్నడుగుతున్నవా? నీ ఫోను జెప్పె గద తొమ్మిది దినాలు దాటిందని!"

"ఫోనును అడిగిన. గిప్పుడు నిన్ను అడుగుతున్న."

అవ్వ లేచి బర్రె తోక పక్కకు జరిపి చూపించింది. "గిదో, తోక మొదట్ల గుంట పడలె. పొదుగు సూడు, నిండలె. గిది ఇయ్యాల ఈనే బర్రెనా? మా అత్త చెప్పేది, దసరకు కట్టిస్తె పొలాల అమాసకు ఈనుతదని. అమాస ఇంక రెండు వారాలున్నది."

"మరి మేతెందుకు ముడ్తలేదు?"

"నాకేమెర్క? మొన్నటిసంది వాన గొట్టె. గడ్డంత తడిసి బూజు పట్టె. నేను బర్రెనైతె నేను గూడ తిన."

కాంపౌండరు ఫోను తీశాడు. కాలెండరు చూడలేదు. ముందు మరిపెడ సెల్‌ఫోన్ల ఆయనకు చేసి నిరుడు దసరా ఏ రోజు వచ్చిందని అడిగాడు. తరువాత గార్ల ఉపాధ్యాయురాలిని అడిగాడు. ఆ తరువాత గని ఫిట్టరును అడిగాడు. ముగ్గురూ ఒకే తేదీ చెప్పారు. ఆ తేదీ నా పట్టికలోని తేదీకి పద్దెనిమిది రోజుల తరువాత ఉన్నది. అంటే ఈనడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. పదకొండు గంటలకు డాక్టరమ్మ వచ్చేసరికి సూది తిరిగి పెట్టెలోకి వెళ్లింది. బర్రె ముందు అవ్వ పక్కింటి నుంచి తెచ్చిన పొడి గడ్డి ఉన్నది. బర్రె దానిని తింటున్నది.

ఇదేదీ నాకు ఆనాడు తెలియదు.

ఆ ఆదివారం ఆయన జనగామలో మా ఇంటికి వచ్చాడు. ఒక సొరకాయ తెచ్చాడు. మోకాళ్లు, వానలు, రక్తపోటు అన్నీ వరుసగా జరిగాయి. ఇరవై రెండో నిమిషం దాటింది. ముప్పయ్యో నిమిషం కూడా దాటింది. ప్రశ్న రాలేదు. మొదటిసారిగా నాకే ఉండబట్టలేదు.

"ఏమయ్యా, అడిగేదేమన్న ఉన్నదా లేదా?"

"ఉన్నది సార్. చిన్న ముచ్చటే." గోడ దిక్కు చూస్తూ అన్నాడు. "నిరుడు దసర ఏ తారీకు వచ్చిందో నాకు యాదికొస్తలేదు."

నేను పట్టికలోని తేదీ చూడకుండానే చెప్పాను.

"అవునా. జర నిరుటి పంచాంగం జూసి చెప్తరా సార్? నాకు గీ తిథులు సమజ్ కావు."

నేను కొంచెం విసుగుతోనే లేచి పంచాంగం తీశాను. తీసి, చూసి, కూర్చున్నాను. తరువాత లేచి, అంతకుముందటి ఏటి పంచాంగం తీశాను. పట్టిక ప్రోగ్రాములో ఎక్కించింది ఆ ముందటి ఏడు. మూడుసార్లు సరిచూసింది ఆ ఏటి పంచాంగంతోనే. మూడుసార్లూ సరిగానే చూశాను. ఆ తేదీలు ఆ ఒక్క ఏటికే చెల్లుతాయన్న సంగతి మాత్రం ప్రోగ్రాముకు చెప్పలేదు. తరువాతి ఏడు అధిక మాసం వచ్చి పండుగలన్నీ ఆలస్యంగా వచ్చాయి. ఊళ్లలో అందరికీ అది తెలుసు. కంప్యూటరుకూ నాకూ తెలియలేదు.

"ఎన్ని బర్రెలకు ఈ పట్టిక వాడినవు?" అని అడిగాను.

అప్పుడు చెప్పాడు అవ్వ సంగతి. తప్పు ఎక్కడ జరిగిందో తనకు తెలియనట్టే చెప్పాడు. సూది పెట్టెలోకి పోయిన ముచ్చట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు.

"నీకు బుధవారమే తెలిసింది కదా. మరి నన్ను తేదీ ఎందుకు అడిగినవు?"

"ఎవలికన్న తప్పు జెప్పుడు నాకు రాదు సార్. అడుగుడొక్కటే వస్తది" అన్నాడు.

మిగిలిన బర్రెలు నాలుగు. వాటి యజమానులకు ఆయన గురువారమే వెళ్లి చెప్పివచ్చాడు. వాటికి ఏ ప్రమాదమూ జరగలేదు. పట్టికను ఏ ఏటి పండుగ ఆ ఏటికే పట్టేటట్టు ఇద్దరం కూర్చొని తిరిగి రాశాం. మూడు గంటల పది నిమిషాలు పట్టింది. రాసిన తరువాత నేను దానిని మూడుసార్లు చూశాను. నాలుగోసారి చూడబోతూ, కాగితం పక్కన పెట్టాను.

"ఎవరికన్న చూపిద్దామా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వకపోవడం ఆయనకు ఎంత కష్టమయిందో ముఖంలో కనిపించింది. మా వీధిలోనే డిగ్రీ కళాశాలలో కంప్యూటరు చెప్పే మేడమ్ ఉన్నది. ఏడేండ్లుగా మా రెండిండ్ల నడుమ నలభై అడుగుల దూరం. నేను ఆమెను ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. ఆమె ఆరు నిమిషాలలో మరొక తప్పు పట్టుకున్నది. అది ఏమిటో ఇక్కడ రాయను.

ఆ బుధవారం నుంచి లెక్కిస్తే పదకొండో రోజు మధ్యాహ్నం, శనివారం, ఆయన దగ్గరి నుంచి ఫోను వచ్చింది.

"సార్, అవ్వ బర్రె ఈనింది! ఇద్దరు మంచిగున్నరు."

"ఎన్ని గంటలకు?"

"ఉండుండ్రి, అవ్వనే చెప్తదట" అంటూ ఫోను ఆమె చేతికిచ్చాడు.

"గా తారీకులు రాసిన లెక్కల సారువు నువ్వేనా?" అన్నది అవ్వ. తప్పు చెప్పడం రాదన్న మనిషి ఆమెకు మాత్రం అంతా చెప్పినట్టున్నాడు.

"నేనే అవ్వా. తప్పయింది."

"గన్ని పుస్తకాలు సదివినవట. నా బర్రెకు సూది గుచ్చవడితివి. జర ఎవలనన్న ఒక్క మాట అడుగకపోయినవా నాయినా?"

వెనుక కాంపౌండరు "అవ్వా, అవ్వా, పెద్దమనిషి, గట్ల అనొద్దు" అంటున్నాడు. అంటూ నవ్వుతున్నాడు. నేను నోటికి వచ్చినది అడిగాను.

"ఏమీనింది అవ్వా? దుడ్డెనా, దున్ననా?"

"అగో, గిప్పుడు అడుగవడితివి!" అన్నది అవ్వ. "గిదో, ఈడనే ఉన్నది. నువ్వే అడుగు" అంటూ ఫోనును దూడ మూతి దగ్గర పెట్టింది.